ముద్ర లేని అర్జీ

మున్జీ కాఫీ షాపులో కూర్చుని ఒక మాట చెప్పుకుంటున్నాడు. "ఖమీస్ కేసులో బలం లేదు. వాడికే తెలిసి వదిలేసుకున్నాడు" అని. చెప్పేటప్పుడు జాలిగా తల కూడా ఊపుతాడట. ఆ మాట పోస్టుమాన్ చెవిన పడి, మంగలి షాపు చుట్టి వచ్చి, చివరికి బ్రేకు వైరు వేయించుకోవడానికి వచ్చిన గొర్రెల బేరగాడి నోట ఖమీస్ దగ్గరికే చేరింది. ఆ రోజు ఖమీస్ బ్రేకు వైరుకి రెట్టింపు తీసుకున్నాడు.

కేసులో బలం ఉంది. ఎంత ఉందో మున్జీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వాళ్ళిద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళు కారు. ఖమీస్ పుట్టిన వారానికి వాళ్ళమ్మకి జ్వరం తగిలి పాలు ఇంకిపోయాయి. గోడ అవతలి ఇంట్లో మబ్రూకాకి నలభై రోజుల పిల్లవాడున్నాడు. ఆమె వాణ్ణి ఒక పక్కన, వీణ్ణి ఒక పక్కన వేసుకుని ఏడాదిన్నర పాలిచ్చింది. ఆ పిల్లవాడే మున్జీ. అలా పాలు తాగితే వాళ్ళ ఆచారంలో అన్నదమ్ములే. మున్జీ చెల్లెళ్ళు ఖమీస్‌కి చెల్లెళ్ళు, మబ్రూకా అమ్మ. ఆ ఇంటి తలుపు ఖమీస్ ఏనాడూ తట్టి లోపలికి వెళ్ళింది లేదు.

మున్జీకి చదువు అబ్బింది. పట్నంలో బీమా ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఖమీస్ అయిదో తరగతిలోనే పలక పక్కన పడేసి పానా పట్టాడు. ఊరి అవతలి చివరికి మారి మోపెడ్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. షాపు పెట్టిన మర్నాడు మున్జీయే వచ్చి ఫారం నింపి ఇంట్లోవాళ్ళకీ వర్తించే ఆరోగ్య బీమాలో చేర్పించాడు. ఇరవై మూడేళ్ళుగా మూడు నెలలకోసారి ఖమీస్ చందా కడుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఒంటికి జబ్బే లేని మనిషి, దాన్నుంచి ఒక్క దీనారు వాడుకున్నదీ లేదు.

ఫిబ్రవరిలో అతని భార్య దలీలాకి ఊపిరాడలేదు. అప్పటికి రెండేళ్ళుగా డాబా మెట్లెక్కితే ఆయాసం అనేది. "లావెక్కావు, అంతే" అనేవాడు ఖమీస్. ఆ మాట తలుచుకోవడం ఇప్పుడతనికి ఇష్టం ఉండదు. సర్కారు ఆసుపత్రి డాక్టరు మూడు ముక్కల్లో తేల్చాడు. గుండెలో కవాటం పాడైంది. వారం ఆగితే మనిషి దక్కదు. ఆపరేషన్ చేసే సర్జను సెలవులో ఉన్నాడు. ఆ మాటలే కాగితం మీద రాసి, 'అత్యవసరం' అన్నదాని కింద గీత కొట్టి చేతిలో పెట్టాడు. ప్రైవేటు క్లినిక్‌లో మర్నాడే ఆపరేషన్ చేసి ఇనుప కవాటం పెట్టారు. బిల్లు పదహారువేల నాలుగువందల దీనార్లయింది.

నూనె గానుగ యజమాని హాజీ తయ్యిబ్ ఆ డబ్బిచ్చాడు. తండ్రి ఇచ్చిన ఆలివ్ తోటని ఖమీస్ తాకట్టు పెట్టాడు. నవంబరులో కాయ కోతలోగా డబ్బు తిరిగిస్తే తోట ఖమీస్‌ది. ఇవ్వకపోతే చెట్లూ కింద నేలా హాజీవి.

"బీమా డబ్బు రాగానే తెచ్చి పడెయ్యి ఖమీస్" అన్నాడు హాజీ, కాగితం మీద సంతకం ఆరకముందే. "నీ చెట్లు నాకెందుకు? నావే కోయించలేక చస్తున్నాను."

పన్నెండువేలు బీమా ఇస్తుంది, మిగతా నాలుగు తను కూడబెట్టుకోగలడు. ఖమీస్ లెక్క అది. 

ఏప్రిల్ పదిన ఉత్తరం వచ్చింది. ముందుగా అనుమతి తీసుకోకుండా ప్రైవేటు క్లినిక్‌లో చేయించుకున్నందువల్ల డబ్బు చెల్లించడం కుదరదు. అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో, అభ్యంతరం ఉంటే అరవై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

దలీలా దిండుకి చేరగిలబడి ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. "తప్పు నాదే" అంది. "ముందు అనుమతి తెచ్చుకుని, ఆ తర్వాత జబ్బు పడాల్సింది. తొందరపడ్డాను."

అర్జీలు రాసే సిహామ్ టీచరు మునిసిపల్ ఆఫీసు గోడ నీడన మడత బల్ల వేసుకుని కూర్చుంటుంది. ముప్పయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఇప్పుడు ఊళ్ళో సగంమంది కష్టాలు ఆవిడ చేతిరాతలోనే ఉంటాయి. ఆవిడ ఉత్తరం చూసింది, డాక్టరు కాగితం చూసింది, కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టింది.

"నీది గెలిచే కేసు. అత్యవసరమైతే అనుమతి తర్వాతైనా అడగొచ్చని వాళ్ళ రూల్లోనే ఉంది. ఆ డాక్టరు కొట్టిన గీతే చాలు" అంటూ రాసి, చివర్లో రెండు కాగితాలు అతని ముందుకు తోసింది. "ఒకటి వాళ్ళకి. రెండోది నకలు. దాని మీద తేదీతో ముద్ర కొట్టించుకుని నీ దగ్గర పెట్టుకో. ముద్ర పడకుండా ఆ కిటికీ వదిలి కదలకు. లోపల నీ కన్నతండ్రి కూర్చుని ఉన్నా సరే."

"మా నాన్న పోయి ముప్పయ్యేళ్ళయింది టీచర్."

"అయితే ఇంకా మంచిది."

దలీలా కోలుకునేదాకా ఖమీస్ ఇల్లు కదల్లేకపోయాడు. నలభయ్యారో రోజున పట్నం వెళ్ళాడు. బీమా ఆఫీసు హాల్లో కిటికీ ముందు లైను గుమ్మం దాకా ఉంది. గంటన్నర నిలబడి నాలుగోవాడిగా చేరేసరికి, లోపలి తలుపు తోసుకుని మున్జీ కాఫీ గ్లాసుతో బయటికొచ్చాడు.

"ఒరేయ్, నువ్వా! లైన్లో నిలబడ్డావేంట్రా? నేను చచ్చాననుకున్నావా?"

"ఏముందిరా, ఇచ్చేసి పోదామని."

"ఏదీ, ఇటు తే." మున్జీ కవరు లాక్కుని అక్కడే విప్పాడు. పెదాలు కదుపుతూ చదివాడు. "బాగా రాసింది ఈ ముసల్ది. సరే, నాకొదిలెయ్యి. ఇంటికి పో."

ఖమీస్ కదల్లేదు. రెండో కాగితం చేతిలో గొట్టంలా చుట్టుకుని ఉంది. "దీని మీద ముద్ర ఒకటి..." అన్నాడు.

మున్జీ గ్లాసు దించాడు. "రసీదా? నన్ను రసీదు అడుగుతున్నావా?" లైను వైపు తిరిగాడు. "విన్నారా? మా అమ్మ వీడికి ఏడాదిన్నర పాలిచ్చింది. అప్పుడు రసీదు ఇచ్చిందేమో అడగండి."

లైనంతా నవ్వింది. ఒక ముసలాయన ఖమీస్ భుజం తట్టి, "పో నాయనా, లోపల అన్న ఉన్నవాడికి ముద్రెందుకు? ఆ అదృష్టం మాకూ ఉంటే బావుండేది" అన్నాడు. ఖమీస్ చెవులు కాలిపోయాయి. ఆ కాగితం చొక్కాలో దోపుకుని బయటికి నడిచాడు. బస్సులో కూర్చున్నాక, తనూ నవ్వి ఉండాల్సిందని అనుకున్నాడు. పాలిచ్చిన అమ్మ కొడుకుని రసీదు అడగడమంటే దొంగా అని పిలవడమే.

"ముద్ర ఏది?" అంది దలీలా.

"మున్జీ తీసుకున్నాడు."

దలీలా అతని చొక్కాలోంచి నకలు తీసి, సాపు చేసి, మాత్రల డబ్బా కింద పెట్టింది. అలా భద్రం చెయ్యడం అతనికి నచ్చలేదు.

జూన్ అంతా ఫోను చేస్తే మున్జీ, "పనిలో ఉందిరా, పనిలో ఉంది" అన్నాడు. జూలైలో ఆఫీసులు ఒంటిపూట అయ్యాయి. ఎప్పుడు చేసినా అప్పుడే ఆఫీసు మూసేశాం అనేవాడు. ఆగస్టు మధ్యలో రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి చిన్నది. అప్పీలు డెబ్భై ఒకటో రోజున దాఖలైంది, గడువు దాటింది, కాబట్టి విచారణ లేకుండానే కొట్టివేయడమైనది.

ఖమీస్ ఆ సాయంత్రమే మున్జీ ఇంటికి వెళ్ళాడు. ఆ తలుపు మొదటిసారి తట్టాడు. మున్జీ డాబా మీద బనీనుతో కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు.

"నేనిచ్చింది నలభయ్యారో రోజున" అన్నాడు ఖమీస్, ఉత్తరం ముందు పెట్టి. "మిగతా పాతిక రోజులూ ఎక్కడుందిరా?"

మున్జీ చదివాడు. చేతులు తుడుచుకున్నాడు. "నా సొరుగులో."

"సొరుగులో?"

"ఒరేయ్, కోప్పడకుండా విను. పాత చీఫ్ పరమ మొండివాడు. ప్రైవేటు క్లినిక్ అన్న మాట కనపడితే చాలు, కొట్టిపారేస్తాడు. జూన్ పదిహేనుకి వాడు రిటైరవుతున్నాడు, కొత్తామె వస్తోంది. ఆవిడ మంచిదని విన్నాను. నాలుగు రోజులు ఆపి ఆవిడ చేతిలో పెడదామనుకున్నా. నీ మంచికేరా."

"గడువు?"

"గడువుదేముంది! పాత తేదీ వేసి లోపల పెట్టేవాళ్ళం, ఎన్నిసార్లు పెట్టలేదు? ఆవిడ వచ్చీ రాగానే కంప్యూటరు పెట్టించింది. తేదీ అదే వేసుకుంటోంది. నా చేతుల్లో లేదు." మున్జీ ఒక పుచ్చకాయ ముక్క ఖమీస్ వైపు జరిపాడు. "తిను. తియ్యగా ఉంది."

ఖమీస్ తినలేదు.

సిహామ్ టీచరు రెండో ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, "లైన్లో నవ్వారని వచ్చేశావన్నమాట" అంది. "ముప్పయ్యేళ్ళు నేను క్లాసులో నవ్వినవాళ్ళని... సర్లే. కోర్టు ఉంది. నెల రోజుల్లోపు వెయ్యాలి. కానీ వట్టి చేతులతో వెళ్తే జడ్జి కూడా ఇదే చెబుతాడు. మున్జీ చేత రాయించు. ఫలానా రోజున అర్జీ నా చేతికిచ్చాడు, నేనే ఆపాను, అని రాసి సంతకం చెయ్యాలి. ఆ కాగితం ఉంటే అప్పీలు మళ్ళీ వినమంటారు. విన్నారంటే గెలుస్తావు."

"వాడి ఉద్యోగం?"

"పోతుంది. పెన్షను కూడా పోవచ్చు. ఆ సంగతి సొరుగు తాళం వేసేటప్పుడు వాడు ఆలోచించుకోవాల్సింది."

హాజీ తయ్యిబ్‌ని అడిగితే ఆయన కూడా దారికొచ్చాడు. "కోర్టులో వేసినట్టు ముద్ర పడిన కాగితం తే, ఇంకో ఏడాది ఆగుతాను" అన్నాడు. "ముద్ర లేకుండా మాత్రం ఆగను. ఏమనుకోకు."

అందరికీ ముద్రే కావాలి. ఖమీస్ మున్జీని అడిగాడు. మున్జీ మొహం పాలిపోయింది. ఆలోచిస్తానన్నాడు. తర్వాత ఫోను ఎత్తలేదు. ఇంటికి వెళితే పట్నంలో ఉన్నాడన్నారు, పట్నం వెళితే ఇంటికి బయల్దేరాడన్నారు. అలా మూడు వారాలు గడిచిపోయాయి.

గడువింకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం షాపు ముందు షేరు టాక్సీ ఆగింది. డ్రైవరు చెయ్యందిస్తే మబ్రూకా దిగింది. ఎనభై దాటిన మనిషి. పెళ్ళికో చావుకో తప్ప గుమ్మం దిగదు.

"అమ్మా! కబురు పెడితే నేనొచ్చేవాణ్ణి కదా. ఉండు, కుర్చీ తెస్తాను."

"టైరు మెత్తగానే ఉంది" అని ఆమె పాత టైర్ల దొంతి మీద కూర్చుంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "పోయిన వారం దలీలా వచ్చింది మా ఇంటికి."

ఖమీస్‌కి ఆ సంగతి తెలియదు. ఇనుప గుండెతో రెండు మైళ్ళు ఎండలో నడిచి వెళ్ళిందన్నమాట.

"అన్నీ చెప్పింది" అంది మబ్రూకా. "వాణ్ణి రాయమన్నాను. రాయనన్నాడు. ఇంట్లో పొయ్యి వెలిగించొద్దని కోడలికి చెప్పాను. రెండు రోజులు హోటల్లో తిన్నాడు, మూడో రోజు కడుపులో మంటెత్తి రాశాడు." ఆమె ముసుగు కొంగు ముడి విప్పి నాలుగు మడతల కాగితం తీసింది. "చదువుకో. నాకు రాదుగా, సరిగ్గా రాశాడో లేదో."

మున్జీ గుండ్రటి గుమాస్తా రాత. తేదీ, నలభయ్యారో రోజు, సొరుగు, అన్నీ ఉన్నాయి. కింద సంతకం. సంతకం కింద నీలం సిరాలో ఒక బొటనవేలి ముద్ర.

"ఇదెవరిది?"

"నాదే. సాక్షి ఉండాలటగా. కాఫీ షాపువాడి సిరాపెట్టె తెప్పించుకుని వేశాను." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలికి నీలం ఇంకా పోలేదు. "పాలకి రసీదిచ్చానా అని నిన్ను నలుగుర్లో నవ్వులపాలు చేశాడట. ఇదిగో నాయనా రసీదు."

ఖమీస్ టీ తెప్పించాడు. ఆమె బాదం పలుకులు నమలలేక పక్కన పెట్టి టీ మాత్రం తాగింది. టాక్సీ ఎక్కేముందు అతని చొక్కా కాలరు సరిచేసింది. "వాడి ఉద్యోగం పోతే నా గతేంటని నువ్వేం ఆలోచించకు. రెండో కొడుకువి నువ్వున్నావుగా" అంది.

ఆ మాట అనకుండా వెళ్ళి ఉంటే బావుండేదని ఖమీస్ ఇప్పటికీ అనుకుంటాడు.

మర్నాడు పొద్దున్నే కోర్టుకి వెళ్ళాడు. అక్కడా లైనే. కిటికీలో ఉన్న అమ్మాయి పని తెలిసిన మనిషి. కాగితం తీసుకోవడం, చదవడం, అసలు మీద ఒక దెబ్బ, నకలు మీద ఒక దెబ్బ. ఎవర్నీ తమ్ముడూ అనలేదు, అన్నా అనలేదు. ఖమీస్ నిలబడ్డంతసేపూ ఆ చప్పుడే విన్నాడు. బీమా ఆఫీసులో కూడా ఇలాంటి అమ్మాయి చేతిలో పెట్టడానికే తను లైన్లో నిలబడ్డాడు. ఇంకో ముగ్గురు ముందుకు కదిలి ఉంటే పెట్టేవాడు.

అతని వంతు వచ్చింది. ఆమె సిహామ్ టీచరు రాసింది చదివింది, మున్జీ రాసింది చదివింది.

"ఈ సంతకం చేసినాయన ఆ ఆఫీసు ఉద్యోగేనా?"

"అవును."

"ఇది దాఖలైతే ఒక నకలు వాళ్ళ పైవాళ్ళకి వెళ్తుంది. తెలుసుగా?"

"తెలుసు."

"కింద ఈ వేలిముద్ర?"

"మా అమ్మది."

"మరి ఈయన?"

"ఆమె కొడుకు."

ఆ అమ్మాయి కళ్ళెత్తి అతన్ని ఒకసారి చూసింది. ముద్ర సిరాలో అద్ది పైకెత్తింది. "కొట్టమంటారా?"

ఖమీస్ చెయ్యి కాగితం మీద పడింది. సరిగ్గా ఆ నీలం వేలిముద్ర మీద పడింది. కావాలని పెట్టాడో, తనంతట అదే వెళ్ళిందో అతనికి తెలియదు.

"రేపొస్తాను" అన్నాడు.

"రేపే ఆఖరు."

"తెలుసు."

మర్నాడు రెండు మోపెడ్లకి క్లచ్ ప్లేట్లు మార్చాడు. ఒకదాని కార్బురేటరు అంతా విప్పి మళ్ళీ బిగించాడు. దానికి కార్బురేటరు జబ్బే లేదు. ఆఫీసులు మూసే వేళకి దలీలా రొట్టె, హరీసా కారం, గిన్నెడు ఆలివ్ నూనె పట్టుకుని షాపుకి వచ్చింది. వెళ్ళావా అని అడగలేదు. గోడ గడియారం వైపు చూసింది, అతని నల్లటి చేతుల వైపు చూసింది.

"నాకోసమైనా వెళ్ళాల్సింది" అంది.

"నీకోసమే కదా తాకట్టు పెట్టింది."

"అదే నేననేది. లోపల ఇనప ముక్క టిక్కుటిక్కుమంటుంటే చెట్లే గుర్తొస్తాయి నాకు." రొట్టె తుంచి నూనెలో ముంచి అతని నోటికి అందించింది. చేతులకి గ్రీజు కదా. "తిను. ఇది మన నూనే. వచ్చే ఏడు కొనుక్కోవాలి."

ఖమీస్ నమిలాడు. షాపులో వేరే చప్పుడు లేదు. ఆమె గుండె చప్పుడు అతనికీ వినపడింది.

నవంబరులో హాజీ తయ్యిబ్ మనుషులు వచ్చి చెట్ల కింద వలలు పరిచారు. ఈ తోటలో ఏ చెట్టు ముందు పక్వానికొస్తుందని వాళ్ళు అడిగితే ఖమీస్ దగ్గరుండి చూపించాడు. గట్టు పక్కన మూడేళ్ళ కింద నాటిన మొక్క ఒకటి తాకట్టు కాగితంలో లేదు. "అది నీకే వదిలేస్తాలే" అన్నాడు హాజీ. కంచె వేసేటప్పుడు చూస్తే అదీ లోపలికే పోయింది.

మున్జీ ఏనాడూ అడగలేదు, ఆ కాగితం ఏం చేశావురా అని. ఆఫీసుకి కోర్టు నుంచి నకలు రాలేదు కాబట్టి దాఖలు కాలేదని వాడికి తెలుసు. ఎందుకు కాలేదో కూడా తెలుసు. కొత్త చీఫ్ వాణ్ణి అప్పీళ్ళు తీసుకునే కిటికీలో కూర్చోబెట్టింది. ఎవరొచ్చినా ఇప్పుడు ముద్ర కొట్టి నకలు ఇస్తున్నాడట, అడక్కముందే. సాయంత్రం కాఫీ షాపులో మాత్రం, ఖమీస్ కేసులో బలం లేదంటున్నాడు.

కాగితం స్పార్కు ప్లగ్గుల డబ్బాలో ఉంది. తీసుకెళ్ళి కాఫీ షాపు బల్ల మీద పరిస్తే మున్జీ నోరు ఆ క్షణమే మూతపడుతుంది. మబ్రూకా అమ్మ బతికి ఉండగా ఖమీస్ ఆ పని చెయ్యడు. శుక్రవారం శుక్రవారం ఆమెని చూడటానికి వెళుతూనే ఉన్నాడు. మున్జీ ఇంట్లో లేని వేళ చూసి వెళతాడు. తలుపు తట్టి వెళతాడు.

కాబట్టి పోయిందెంతని ఎవరైనా అడిగితే లెక్క ఇది. కాపుకొచ్చిన ఆలివ్ చెట్లు అరవై మూడు, ఇంకా కాపు పట్టనిది ఒకటి, వాటి కింద నేల.